ముగ్గురం దిగగలిగిన కొండ

పోయిన ఏడాది స్కీయింగ్‌కి వెళ్ళినప్పుడు కొండను ఎంచుకున్నది నా భర్త కిరణ్. చదువుకునే రోజుల్లోనే నేర్చుకున్నాడు కాబట్టి అతనికి నిటారు వాలులంటే ఇష్టం. లిఫ్ట్‌లో పైకి చేరాకగానీ నాకు తెలియలేదు, అక్కణ్ణుంచి కొత్తవాళ్ళు దిగే దారే లేదని. సగంలో కూలబడి ఏడ్చాను. సిబ్బంది వచ్చి నన్ను మంచు మీద లాగే స్లెడ్జ్ మీద పడుకోబెట్టి, బెల్టులు కట్టి కిందికి చేర్చారు. పన్నెండేళ్ళ మా అమ్మాయి హాసిని అదంతా చూసింది.

“నెక్స్ట్ టైమ్ అమ్మ లాడ్జ్‌లో ఉంటే బెటర్ కదా, నాన్నా?” అంది కార్‌లో. ఎగతాళి కాదు, భయపడి అంది. అందుకే ఆ మాట గుచ్చుకుంది.

ఈసారి కొండను నేనే చూస్తానన్నాను. పది రోజులపాటు రాత్రి భోజనాలయ్యాక రిసార్టుల మ్యాపులు ముందేసుకున్నాను. వాటిలో ఆకుపచ్చ గీత కొత్తవాళ్ళ దారి, నీలం మధ్యరకం, నలుపు ఆరితేరినవాళ్ళది. నాకు కావలసినవి రెండే: శిఖరం నుంచి కిందిదాకా తెగకుండా వచ్చే ఆకుపచ్చ దారి ఉండాలి, ఎవరు ఎటు దిగినా ఒకే చోటికి చేరాలి. కిరణ్ చూపించిన పెద్ద కొండలు రెండూ అక్కడే పోయాయి. చివరికి వెస్ట్ వర్జీనియాలో ఒక మామూలు కొండ మిగిలింది.

“ఇందులో బ్లాక్ ట్రెయిల్స్ నాలుగే ఉన్నాయి,” అని సణిగాడు.

“నాలుగూ నీకే. బుక్ చేయి,” అన్నాను.

శనివారం తెల్లవారుజామున ఐదింటికి వర్జీనియాలో మా ఊరు హెర్న్‌డన్ నుంచి బయలుదేరాం. దారిలో ఒక్కసారి ఆగి పులిహోర తిని, తొమ్మిదిన్నరకు చేరాం. అద్దె బూట్లకే ముప్పావుగంట పట్టింది. వెళ్ళేవాళ్ళు ఆ సమయం లెక్కలో ఉంచుకోవాలి. పదిన్నరకు నా పాఠం. నేర్పినావిడకు అరవై దాటి ఉంటాయి. “కాళ్ళకేసి చూడకండి. వెళ్ళాల్సిన చోటు చూడండి,” అని ఒకటే పోరింది. సాయంత్రానికి స్కీల ముందు కొసలు దగ్గరకు తెచ్చి వేగం తగ్గించడం వచ్చేసింది. ముక్క ఆకారంలో ఉంటుందని దాన్ని ఇక్కడ పిజ్జా అంటారు. రాత్రి కొండకిందే ఒక గదిలో పడుకున్నాం.

ఆదివారం తొమ్మిదిన్నరకు కిరణ్, నాకన్నా ముందే స్కీయింగ్ నేర్చుకున్న హాసిని ముందు కుర్చీలో లిఫ్ట్ ఎక్కారు. వెనక కుర్చీలో నా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నాడు. “నీలం దారి ఇవాళ గాజులా గడ్డకట్టింది, జాగ్రత్త,” అన్నాడు. నేను పైకి చేరేసరికే వాళ్ళిద్దరూ ఆ దారిలోకి వెళ్ళిపోయారు.

ఆకుపచ్చ దారిలో మూడు మలుపులు దిగానో లేదో ఫోన్ మోగింది.

“అమ్మా, అంతా ఐస్. నాన్న కిందికి వెళ్ళిపోయాడు. ఐ కాంట్ మూవ్.”

“ఎక్కడున్నావు? ఏం కనిపిస్తోంది?”

“కింద గ్రీన్ బోర్డ్ ఉంది. ఆరెంజ్ నెట్ పక్కన.”

నా దారి ఆ నీలం దారిని ఎక్కడ దాటుతుందో మ్యాపు చూసీ చూసీ నాకు తెలుసు. “కూర్చో. కదలకు. వస్తున్నా,” అన్నాను. కిరణ్ మళ్ళీ లిఫ్ట్ ఎక్కి చుట్టూ తిరిగి రావాలంటే అరగంట. నాకు ఐదు నిమిషాలు పట్టింది.

హాసినికి ఇరవై అడుగుల కింద ఆగాను. స్కీలు విప్పి, చెట్ల అంచున మెత్తటి మంచులో బూట్లు దిగేస్తూ పైకెక్కాను. దాని బుగ్గల మీద కన్నీళ్ళు చల్లబడి ఉన్నాయి. దాని స్కీలు నేనే విప్పి భుజాన వేసుకున్నాను. ఇద్దరం అదే అంచు పట్టుకుని నడిచి ఆకుపచ్చ దారికి దిగాం.

“ఇప్పుడు నా వెనకే రా. నా వీపు చూస్తూ రా.”

“స్లోగా వెళ్తావా అమ్మా?”

“నాకు వచ్చిందే స్లో!”

ఏడుపులోనే నవ్వేసింది. మైలుకు పైగా ఉన్న ఆ దారి పొడవునా నా వెనకే వచ్చింది. ఒక్కసారి కూడా పడలేదు, నేను కూడా.

కొండ కింద అందరూ సేదతీరే లాడ్జ్ ముందు కిరణ్ హెల్మెట్ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. “మలుపు తిరిగాక వెనక్కి చూడలేదు, సారీ రా,” అని హాసినిని దగ్గరకు తీసుకున్నాడు. మధ్యాహ్నం ముగ్గురం కలిసి ఆ ఆకుపచ్చ దారినే మరో రెండుసార్లు దిగాం. నల్ల దారులు నాలుగూ అతను సరిగ్గా చూడనేలేదు.

మూడింటికి తిరుగుప్రయాణం. వర్జీనియా సరిహద్దు దాటేసరికి రోడ్డు పక్కన మంచు పలచబడింది. వెనక సీట్లో హాసిని స్నేహితురాలితో ఫోన్‌లో మాట్లాడుతోంది: “మై మామ్ వాక్డ్ అప్ ది ఐస్. లైక్, అప్!”

మోకాళ్ళు సలుపుతుంటే కాళ్ళు చాపుకుని విన్నాను. అది పెద్ద కొండ కాదు, పేరున్న కొండ అంతకన్నా కాదు. కానీ దాన్ని మా ముగ్గురి కోసం నేను ఎంచుకున్నాను, ముగ్గురం మా కాళ్ళ మీదే దిగాం.