సరంగు వకాలతు

మా ప్లీడరు గారు తొంభై దాటేదాకా బతికారు. ఊళ్ళో బడికి స్థలం ఇప్పించింది ఆయనే, ఆస్పత్రికి మంచినీళ్ళ గొట్టం వేయించింది ఆయనే. పంపకాలకీ తగువులకీ ఆ గుమ్మం తొక్కనివాళ్ళు తక్కువ. అంతటి మనిషిని "ఒరేయ్" అని పిలవగలిగింది వాళ్ళ అక్కయ్య ఒక్కతే. తండ్రి చిన్నప్పుడే పోతే, ఆవిడ కుట్టుమిషను తొక్కి తమ్ముణ్ణి చదివించింది. ఆయన మొదటి నల్లకోటు ఆవిడ చేత్తో కుట్టిందే.

నేను మీసాలు మొలిచే వయసులో ఆయన దగ్గర గుమస్తాగా చేరాను. ఆయన పద్ధతి ఒకటి నాకు మొదట్లో మింగుడుపడలేదు. గదిలో బల్లకి ఇవతల రెండు కుర్చీలుండేవి. వచ్చినవాడు ఒకదాంట్లో కూర్చుని తన గోడు వెళ్ళబోసుకున్నాక, "ఇప్పుడు లేచి ఆ కుర్చీలో కూర్చోండి. అవతలివాడు మీరే అనుకుని వాడి తరఫున చెప్పండి" అనేవారు. సరిగ్గా చెప్పేదాకా కేసు పట్టుకునేవారు కాదు. ఒకాయన తమ్ముడి మీద గోడ తగాదాతో వచ్చి, ఆ కుర్చీలో కూర్చుని తమ్ముడిలా మాట్లాడి మాట్లాడి, "నా మీద నాకే ఒళ్ళు మండుతోందండీ" అని లేచి వెళ్ళిపోయాడు.

"ఇలా అయితే మనిద్దరం మూటలు మోసుకోవాలండీ" అన్నాను.

"నీ వీపు గట్టిగానే ఉందిగా" అన్నారు.

ఆ ఏడు వానలకి ఏరు నిండుగా పారుతోంది. అవతలి ఒడ్డుకి వెళ్ళే లాంచీ నడిమధ్యలో ఒరిగిపోయింది. ఈదగలిగినవాళ్ళు గట్టెక్కారు. చాలామంది ఎక్కలేదు. పోయినవాళ్ళలో అక్కయ్య మనవడున్నాడు. కొడుకూ కోడలూ ముందే పోగా ఆవిడకి మిగిలింది ఆ పిల్లవాడే. ఆ రోజు అవతలి ఒడ్డు బళ్ళో పరీక్ష రాయడానికి బయల్దేరాడు.

లాంచీ నడిపిన సరంగు బతికి బయటపడ్డాడు. బతకడమే వాడు చేసిన పెద్ద తప్పయింది. టిక్కెట్ల మీద ఆశతో పట్టనంతమందిని పిలిచి మరీ ఎక్కించాడని పోలీసులు కేసు రాశారు. రుజువైతే ఏళ్ళ తరబడి జైలు. ప్లీడర్లందరూ సమావేశమై, ఆ పాపాత్ముడి తరఫున ఎవరూ నిలబడకూడదని తీర్మానం చేశారు. సంఘానికి అధ్యక్షుడు మా ప్లీడరు గారే. ఆ వేళ ఆయన ఏటి ఒడ్డున అక్కయ్య పక్కన కూర్చుని ఉన్నారు. తీర్మానం సంతకానికి ఇంటికొచ్చింది. చదివారు. కలానికి మూత పెట్టేశారు.

సరంగు భార్య ప్రతి ప్లీడరు గుమ్మం దగ్గరా నిలబడి చివరికి మా వరండా మెట్ల కిందికి వచ్చింది. పైకి రమ్మన్నా రాలేదు. "వాకిట్లోంచి పొమ్మనకుండా ఉంటే చాలు బాబుగారూ" అంది. అమ్మగారు, అంటే ప్లీడరు గారి భార్య, మంచినీళ్ళు తెచ్చి తనే మెట్లు దిగి ఇచ్చారు.

ప్లీడరు గారు నావైపు తిరిగి, "వకాలతు కాగితం తియ్యి" అన్నారు. ఫలానావాడి తరఫున నేనున్నానని ప్లీడరు కోర్టుకిచ్చే కాగితం అది.

కోర్టులో దాఖలు చేసేముందు అక్కయ్యకి చెప్పడానికి వెళ్ళారు. నేనూ వెంట ఉన్నాను.

"అక్కయ్యా, వకాలతు వేస్తున్నాను."

"ఎవరికి?"

"సరంగుకి."

ఆవిడ తమ్ముడి ముఖం చూసి నెమ్మదిగా తలుపు వేసేసింది. గడియ పడిన చప్పుడు విన్నాక ఆయన కోర్టు దారి పట్టారు.

ఆ తర్వాత మాకు కష్టకాలం వచ్చింది. కోర్టు వరండాలో మేం నడుస్తుంటే తోటి ప్లీడర్లు గోడవైపు తిరిగి నిలబడేవాళ్ళు. తమ్ముణ్ణి పోగొట్టుకున్న కలప డిపో ఆసామి నడిరోడ్డు మీద అడ్డం వచ్చి, "మేనల్లుడి కొడుకు పోయినా తమరికి కేసే కావాలా?" అన్నాడు. ప్లీడరు గారు తలొంచుకుని, "నీ తమ్ముడు నాకూ తెలిసినవాడే నాయనా" అని పక్కనించి నడిచారు. ఒక సాయంత్రం రాయి వచ్చి కిటికీ అద్దం పగలగొట్టింది. అమ్మగారు గాజుపెంకులు ఊడుస్తూ, "గాలి బాగా వస్తోంది, చూశారా?" అన్నారు. పాలవాడు రావడం మానేశాడు. వెనక ఇంటావిడ మాత్రం ఎవరూ చూడకుండా గోడమీంచి పాలగిన్నె అందించేది. దేవుడు ఒక తలుపు మూసిన రోజున ఇలాంటి చేతులేవో మనవైపు చాపే ఉంచుతాడు.

కేసు మాత్రం కుంటుతూనే ఉంది. గట్టెక్కినవాళ్ళందరూ ఒకటే మాట: సరంగే పిలిచాడు. జైల్లో అడిగితే సరంగు, "ఎక్కించుకున్నది నేనే బాబూ" అని గోడవైపు తిరిగేవాడు. అంతకుమించి ఒక్క ముక్క రాలేదు.

మా సాక్షుల్ని పిలవాల్సిన వాయిదా మర్నాడనగా, ఉదయం అక్కయ్య వచ్చింది. అన్నాళ్ళ తర్వాత మొదటిసారి. వచ్చి కక్షిదారు కుర్చీలో కూర్చుంది.

"అందరినీ ఆ కుర్చీ ఎక్కిస్తావుగా. ఇవాళ నువ్వెక్కు. నా తరఫున మాట్లాడు."

నేను బయటికి పోబోయాను. "నువ్వుండవయ్యా, సాక్షిగా పనికొస్తావు" అంది.

ఆయన వెళ్ళి కూర్చున్నారు.

"వీణ్ణి మిషను తొక్కి పెంచాను" అని మొదలుపెట్టారు. "నా మనవణ్ణి ముంచినవాడికి అండగా వెళ్ళాడు. నేను కుట్టిన కోటు తొడుక్కున్నవాడు, ఆ కోటు వేసుకుని వాడి పక్కన నిలబడ్డాడు."

"ఊఁ. ఇంకా?"

"నన్నొక మాట అడగలేదు. చెప్పి వెళ్ళిపోయాడు."

"ఇంకా?"

"ఇల్లంతా నా మనవడి పుస్తకాలే. ఎక్కడ చూపు ఆనించాలో తెలియదు." ఆయన కళ్ళు తుడుచుకున్నారు. "అంతే అక్కయ్యా. ఇంక నాకు తెలియదు."

"అసలుది వదిలేశావు" అంది ఆవిడ. "ఆ రోజు రేవు దాకా నేనే తీసుకెళ్ళాను. సరంగు చెయ్యి అడ్డం పెట్టాడు. లాంచీ నిండిపోయింది, తర్వాత ట్రిప్పులో వద్దురుగాని అన్నాడు. పరీక్ష పోతుంది నాయనా, ఒక్కడే కదా, చిన్నపిల్లాడు కదా అని గడ్డం పట్టుకుని బతిమాలాను. సరేనని చెయ్యి తీశాడు. ఆ చెయ్యి తియ్యగానే వెనకున్నవాళ్ళందరూ తోసుకుని దూకారు. వద్దు వద్దని అరుస్తూనే ఉన్నాడు. ఒక్కడూ దిగలేదు. ఆలస్యమవుతోందని అందరూ కేకలేస్తుంటే తాడు విప్పాడు."

ప్లీడరు గారు ఆ కుర్చీలోంచి లేచారు.

"ఇది నాతో అన్నావు, చాలు. కోర్టులో చెప్పొద్దు. ఊరంతా నీ మీద పడుతుంది" అన్నారు ప్లీడరు గారు.

"మరి వాడి గతి?"

"వేరే దారి చూస్తాను."

"ఉందేమిట్రా?"

అబద్ధం ఆయన పెదవి దాకా వచ్చిందని నాకనిపించింది. "లేదు" అన్నారు.

మధ్యాహ్నం జైలుకి వెళ్ళాం. "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదయ్యా?" అని అడిగితే సరంగు మొదటిసారి మా వైపు సరిగ్గా చూశాడు.

"చెప్పి ఏం చెయ్యను బాబూ? పిల్లాణ్ణి పోగొట్టుకున్న పెద్దావిడ. అందరూ నా మీద రాళ్ళేస్తున్నారని, నేను తీసుకెళ్ళి ఆవిడ మీద వెయ్యనా? ఆవిణ్ణి పిలవకండి. మీకు దణ్ణం పెడతాను."

ప్లీడరు గారు ఆ మాట అలాగే వెళ్ళి అక్కయ్యకి చెప్పారు. దాచి ఉంటే ఆవిడ ఆగేదేమో, నాకు తెలియదు. ఆవిడ విని చీర కొంగు సర్దుకుంది. "నా కోసం వాడు జైల్లో ఉంటే నేను ఇంట్లో ఎలా ఉంటాన్రా? కోర్టు ఎన్నింటికో చెప్పు."

మర్నాడు కోర్టు హాలు కిటికీల దాకా నిండిపోయింది. అక్కయ్య బోనెక్కింది. కోర్టు మర్యాద కాబట్టి ప్లీడరు గారు ఆవిణ్ణి "మీరు" అనాల్సి వచ్చింది. ఆ మాటకి ఆవిడ ఒక్కసారి కొత్తవాణ్ణి చూసినట్టు చూసింది. ఆ తర్వాత మాకు చెప్పింది చెప్పినట్టే చెప్పింది. హాల్లో గుసగుస లేచింది. జడ్జీగారు బల్ల మీద తట్టారు.

సర్కారు వకీలు లేచాడు. "తమ్ముడు గెలవాలని ఇదంతా అల్లారు కదమ్మా?"

"తమ్ముడు గెలిస్తే నా మనవడొస్తాడా బాబూ?"

వకీలు కాస్త తగ్గి, మళ్ళీ అందుకున్నాడు. "అయితే ఇంతమంది చావుకి మీరే కారణమని ఒప్పుకుంటున్నారా?"

మా ప్లీడరు గారు సగం లేచారు. అభ్యంతరమంటే జడ్జీగారు ఆపేవారే. అక్కయ్య ఆయన్ని చూసి తల అడ్డంగా ఊపింది. ఆయన కూర్చున్నారు.

"నేనూ ఒక కారణమే" అంది. "ఆ సంగతి పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ నాకు తెలుస్తూనే ఉంటుంది. కానీ ఆ మనిషి ఆశపడి పిలిచాడన్నది అబద్ధం. వద్దన్నాడు. నా చెవులతో విన్నాను. ఆ రోజు విన్నవాళ్ళు ఈ హాల్లో ఇంకా ఉన్నారు."

కలప డిపో ఆసామి లేచి బయటికి వెళ్ళిపోయాడు. మేము అక్కయ్యని మధ్యలో నడిపించుకుంటూ ఇంటికొచ్చాం. దారి పొడుగునా జనం అరుగుల మీద నిలబడి చూశారు. ఏ చేతిలో రాయి ఉందోనని నేను చేతులే చూస్తూ నడిచాను. ఎవరూ కదల్లేదు. దాంతో ఇంకా భయమేసింది.

తెల్లవారి కోర్టుకి బయల్దేరుతుంటే వాకిట్లో దర్జీ నిలబడి ఉన్నాడు. లాంచీ మునిగినప్పుడు ఈది గట్టెక్కినవాళ్ళలో ఒకడు. తలెత్తకుండా, "ఆ చెయ్యి తియ్యగానే దూకినవాళ్ళలో నేనూ ఉన్నానండి. ఆ రోజు పోలీసులకి తప్పు చెప్పాను. రాసుకోండి" అన్నాడు. సాయంత్రానికి ఇంకొందరు వచ్చారు. అందరూ రాలేదు. వచ్చినవాళ్ళే సరిపోయారు.

నిండిన లాంచీ తాడు విప్పడం తప్పేననీ, దానికి అప్పటికే గడిపిన జైలు చాలనీ, ఆశతో ముంచాడన్న మాట నిలవదనీ జడ్జీగారు తీర్పు చదివారు. ప్లీడర్ల సంఘం తీర్మానం గురించి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మరుసటి ఏడు కూడా ఆయన్నే అధ్యక్షుణ్ణి చేశారు. వద్దన్నారు, వినలేదు. కలప డిపో ఆసామి మాత్రం చివరిదాకా మాతో మాట్లాడలేదు. దాన్ని ఆయన ఎప్పుడూ తప్పు పట్టలేదు.

సరంగు విడుదలైన రోజున మా ఇంటికి రాకుండా తిన్నగా అక్కయ్య ఇంటికి వెళ్ళాడు. కబురు తెలిసి మేం పరుగున వెళ్ళేసరికి గడప ఇవతల నిలబడి ఉన్నాడు. ప్లీడరు గారు నా చెయ్యి పట్టుకుని వరండాలోనే ఆపేశారు.

"లోపలికి రా నాయనా. నిన్నొక మాట అడగాలి" అంది అక్కయ్య. "అది నువ్వు తప్ప చెప్పగలిగినవాళ్ళు లేరు."

వాడు లోపలికెళ్ళి కింద కూర్చున్నాడు.

"నేను రేవులోంచి చూస్తుంటే జనంలో కలిసిపోయాడు. తర్వాత కనపళ్ళేదు. ఎక్కడ కూర్చున్నాడు?"

"నా పక్కనే అమ్మా, ఇంజను దగ్గర. తోపులాటలో నలిగిపోతాడని నేనే లాక్కుని కూర్చోబెట్టుకున్నాను."

"భయపడ్డాడా?"

"లేదమ్మా. చుక్కాని ఎటు తిప్పితే లాంచీ ఎటు తిరుగుతుందని అడుగుతూనే ఉన్నాడు. ఒకసారి పట్టుకోనిచ్చాను. నవ్వాడు. పరీక్షలో ఇదే అడిగితే బాగుండును అన్నాడు."

ఆ తర్వాత అక్కయ్య ఏడుపు వినబడింది. మనవడు పోయిన నాటినుంచీ ఆవిడ ఏడవలేదని అప్పుడు గుర్తొచ్చింది నాకు. ప్లీడరు గారు వరండా స్తంభానికి తల ఆనించి నిలబడ్డారు. లోపల్నించి, "ఇంకా ఏమన్నాడు? అన్నీ చెప్పు" అన్న మాట వచ్చింది. సరంగు మెల్లగా మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాడు.