కామెంట్లు తీసేసిన ఫైళ్లు

మహబూబాబాద్‌లో నేను పాఠం చెప్పే ల్యాబులో కరెంటు పోగానే యూపీఎస్‌లన్నీ ఒక్కసారిగా కూతపెడతాయి. ఆ చప్పుడు వింటే జనగామ బస్టాండు పక్కన మేడమీది కంప్యూటర్ సెంటరు, అక్కడ మాకు సీ లాంగ్వేజీలో ప్రోగ్రాములు రాయడం నేర్పిన రజియా మేడం గుర్తొచ్చి మనసు పాడవుతుంది. ఆమె బచ్చన్నపేట నుంచి వచ్చేవారు. తెలంగాణ ఉద్యమం రోజులవి; బంద్ నాడు బస్సు లేకపోతే ఎవరి బండి మీదో వచ్చి పాఠం చెప్పేవారు.

ఆమె తన ప్రోగ్రాముల్లో కామెంట్లు మా మాటల్లోనే, ఇంగ్లీషు అక్షరాలతో రాసేవారు. కామెంటంటే కంప్యూటరు పట్టించుకోని రాత, చదివే మనిషి కోసమే. చిక్కు లెక్క వచ్చే చోట ‘గీడ జర పైలం’, ఇక్కడ కాస్త జాగ్రత్త, అని ఉండేది. ఇంగ్లీషుకు బెదిరి వెనక బెంచీలో నక్కే నాలాంటివాడికి ఆ ఒక్క ముక్కతో ప్రాణం లేచొచ్చేది.

తనిఖీ ఉందని సెంటరు యజమాని ఆ ఫైళ్లు తెరిచాడు. సినిమాల్లో నవ్వించడానికి వాడే భాష పాఠాల్లో ఏమిటని, సాయంత్రానికల్లా అన్నీ తీసేయకపోతే రేపటి నుంచి రావద్దని అన్నాడు. ఇంట్లో సంపాదించేది ఆమె ఒక్కరే. మేడం కామెంట్లు తీసేసే ప్రోగ్రాం రాయమని మాకే అప్పజెప్పారు.

మేం రాసింది కామెంటు గుర్తు కనబడితే చాలు, కోట్స్ లోపల, అంటే కొటేషన్ గుర్తుల నడుమ, ఉన్నా ఊడ్చేసింది. తెర మీద రావలసిన వాక్యం సగంలో తెగిపోయింది.

“కోట్స్ నడుమ ఉన్నది ఎవలో అన్న మాట. దాన్ని ముట్టొద్దు బిడ్డా, గది అట్లనే ఉండాలె,” అన్నారు మేడం.

“మరి మీరు రాసినయి మాటలు కావా మేడం?” అన్నాను నేను.

ఆమె తెర మీది నుంచి చూపు తిప్పలేదు. “కంప్యూటర్‌కు కావు. సెంటర్ సార్‌కు కావు. నువ్వు చదివినవ్ కద, చాలు.”

సరిచేసిన ప్రోగ్రామును ఆమే నడిపారు. పాత ఫైళ్ల మీదే కొత్తవి పడ్డాయి; కామెంట్లున్నవి ఇక ఎక్కడా మిగల్లేదు. రెప్పపాటులో అయిపోయింది. నాకు ఏడుపొచ్చింది.

తనిఖీ బాగా జరిగిందట. ఆ తర్వాత మేడం పుస్తకంలో ఉన్న ఇంగ్లీషే బోర్డు మీద రాసేవారు. అర్థం కాలేదంటే, పుస్తకంలో చూసుకోమనేవారు. కొన్నాళ్లకు కామెర్లు ముదిరి దవాఖానలో పోయారు. రాష్ట్రం రావడం ఆమె చూడలేదు.

నా విద్యార్థులు కామెంట్లు ఏ భాషలో రాసుకున్నా నేను కొట్టెయ్యను, ఎవరినీ నవ్వనివ్వను. కామెంట్లు తీసేసిన మేడం ఫైళ్ల నకళ్లు నా దగ్గర ఉన్నాయి. ఒక్క తప్పు లేకుండా నడుస్తాయి. ఎంత వెతికినా వాటిలో ఆమె లేరు.