వేపాకు కింద బియ్యం

ఈ ఉదయం వంటింట్లో డబ్బాలను వేలి కణుపుతో కొట్టి చూస్తూ మా కోడలికి దొరికిపోయాను. ఆ అమ్మాయిది వరంగల్ వైపు, సెక్టర్ ఫైవ్‌లో ఉద్యోగం, చెవిలో ఆఫీసు మీటింగు నడుస్తుండగానే ఫోను చేతిలోకి తీసుకుని, "ఏమైపోయింది అత్తమ్మా? చెప్పుండ్రి, పది నిమిషాలల్ల వస్తది" అంది. ఏమీ అయిపోలేదు, అదే నా బాధ అని చెబితే నవ్వుతుందేమోనని ఊరుకున్నాను. ఈమధ్య నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. న్యూ టౌన్‌లోని ఈ పదకొండో అంతస్తు ఇంట్లో బాల్కనీ నుంచి వంటింటికీ, వంటింటి నుంచి బాల్కనీకీ తిరుగుతాను, ఫ్రిజ్ తెరుస్తాను, చూసి మూసేస్తాను. రేపేం వండుదామని అడిగితే కొడుకూ కోడలూ కూడా నన్ను జాలిగా చూస్తారు. రేపటి సంగతి రేపు చూసుకునే కాలం వచ్చేసింది. నాకు మాత్రం రేపటి కూర ఇవాళే తేలకపోతే నిద్ర పట్టదు.

ఈ రోగం మా అమ్మది. మా నాన్నగారు హౌరా దగ్గర సంత్రాగాఛి రైల్వే యార్డులో గూడ్సు గుమాస్తా, మేం ఐదుగురు పిల్లలం, నేను మధ్యదాన్ని, మాది కింది అంతస్తు రైల్వే క్వార్టరు. అమ్మ విజయనగరం పక్క పల్లె నుంచి వచ్చింది గనుక, ఏడాది గింజలు ఇంట్లో ఉంటేనే అది ఇల్లు అన్నది ఆవిడ నమ్మకం. వేసవిలో మా మామయ్య బియ్యం, కందిపప్పు, మిరపకాయలు, చింతపండు కట్టించి రైల్లో వేసేవాడు. నాన్నగారు కూలీతో మోయించుకొచ్చేవారు. ఆ బస్తాలు గోడవారగా చెక్కల మీద పేర్చి, పైన పాత దుప్పటి కప్పి, అమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని చూసుకునేది. నా ఈడు వాళ్లకు ఆ చూపు తెలుసు. జీతం రోజున తెచ్చే నూనె, పంచదార, సబ్బులతో నెల గడిచేది, గింజలతో ఏడాది గడిచేది.

మా పక్క క్వార్టరు బెంగాలీ ఆవిడను మేం కాకీమా, అంటే పిన్నీ అని పిలిచేవాళ్లం, ఆవిడ తీరు దీనికి సరిగ్గా తలకిందులు. వాళ్లాయన రోజూ పొద్దున్నే నైలాను సంచీ పట్టుకుని బజారుకెళ్లి, ఆ రోజుకు కావలసినంతే తెచ్చేవాడు. గుమ్మడికాయైనా ఒక ముక్క, అల్లమైనా ఒక కొమ్ము. మా బస్తాలు చూసి కాకీమా, "ఏటా బాడీ నా గుదామ్, దిదీ?" అని, ఇది ఇల్లా గోదామా అని నవ్వేది. అమ్మ ఆవిడ ముందు నవ్వేసి, లోపలికొచ్చాక మాతో, "రోజు తెచ్చుకుని రోజు తినడవేటి? రేపు వానొస్తే ఏటి తింతారంట?" అనేది. నాన్నగారిని ఒకసారి బజారుకు పంపితే బేరమాడడానికి మొహమాటపడి ముదిరిన బెండకాయలు, పుచ్చు వంకాయలు తెచ్చారు. ఆ తర్వాత ఆయన్ని ఎవరూ పంపలేదు.

నాకు తొమ్మిదో ఏడో పదో ఏడో ఉండగా ఒక వేసవిలో మా నాయనమ్మ ఊరి నుంచి కబురు పంపింది. ఐదుగురు పిల్లలతో పరదేశంలో మావాడి సంసారం ఎలా నడుస్తోందో వచ్చి కళ్లారా చూస్తాను, ఇంట్లో గింజకు కటకట ఉంటే మధ్యగుంటను తీసుకుపోయి పెంచుకుంటాను, అని. ఆవిడ చెడ్డది కాదు. అక్కడ పాడి ఉంది, నాకు పెరుగన్నం పెడదామనే ఆవిడ ఉద్దేశం. కానీ నాకు అక్క పక్కన తప్ప నిద్ర పట్టేది కాదు. అమ్మ మాత్రం గోడవార బస్తాలు చూపించి, "ఇవి చూసేక ఏటంటారో నానూ చూస్తాను" అంది ధీమాగా.

నాయనమ్మ రావడానికి కొద్ది రోజుల ముందు వాన పట్టుకుంది. సంత్రాగాఛి వాన సంగతి చూసినవాళ్లకే తెలుసు. పట్టాలు, కాలవ, వీధి అన్నీ ఒకటే నీరయి, మురుగుతో సహా మా గడప దాటి లోపలికొచ్చింది. మేం పిల్లలం మంచాలెక్కి కేరింతలు కొడుతుంటే అమ్మ మోకాటిలోతు నీళ్లలో బస్తాలతో పెనుగులాడింది. అడుగున ఉన్న బియ్యం, పప్పు నాని ఉబ్బిపోయాయి. అరలో జాడీలో ఉన్న చింతపండు, మిరపకాయలు, పై బస్తాలో కాస్త బియ్యం మిగిలాయి. నీళ్లు తీశాక పాడైన బియ్యం ఎండబెడితే పచ్చగా మారి బూజు వాసన కొట్టింది. ఆ రోజు అమ్మ ఏడవలేదు గాని నన్ను ఊరికే దగ్గరకు లాక్కుని జుట్టు దువ్వింది. అప్పుడు నాకు భయం పట్టుకుంది.

ఇంటి గుట్టు పెరుమాళ్లకెరుక అంటారు. మా గుట్టు అమ్మ రేకు డబ్బాల్లో పెట్టింది. పాడైన బియ్యాన్ని అడుగున పోసి, పైన గుడ్డ పరిచి, దాని మీద నాలుగు వేళ్ల మందాన మంచి బియ్యం పోసి, పురుగు పట్టకుండా మామూలుగా వేసే వేపాకునే ఈసారి వాసన తెలియకుండా దండిగా వేసింది. ఎవరైనా కొట్టి చూస్తే డబ్బా నిండుగా పలకాలి. ఆ తర్వాత అమ్మే వెళ్లి కాకీమా గుమ్మంలో నిలబడి, రోజు తెచ్చుకుని రోజు తినడం ఎలాగో నేర్పమని అడిగింది. మా అమ్మకు అది ఎంత కష్టమో ఇప్పుడు అర్థమవుతుంది. కాకీమా ఒక్క వెక్కిరింపు మాటైనా అనకుండా సంచీ తీసుకుని బయలుదేరింది.

బజారుకు పొద్దున్న కాదు, దీపాలు పెట్టేవేళ వెళ్లాలని ఆవిడే చెప్పింది. అప్పటికి కూరలవాళ్లు మిగిలినవాటిని కుప్పలుగా పోసి చవగ్గా ఇచ్చేస్తారు. వాటిని 'భాగా' అనేవారు. ఒక కుప్పలో రెండు పొటోళ్లు, ఒక వంకాయ, వాడిన ఆకుకూర, సగం ములక్కాడ ఉండేవి. కుప్ప కొన్నాక పచ్చిమిరపకాయలు కొసరు అడగకపోతే అమ్మేవాడే చిన్నబుచ్చుకునేవాడు. పొటోల్ అంటే మన దొండకాయకు పెద్దన్న లాంటి కాయ. దాని చెక్కు పారేయకూడదని కాకీమా అంటే, బీరపొట్టు పచ్చడి చేసే మా అమ్మకు ప్రాణం లేచొచ్చింది. చెక్కు పచ్చడయింది, కాయ వేపుడయింది, తూటికూర పులుసయింది. చింతపండు ఉన్నంతకాలం తెలుగువాళ్ల ఇల్లు దివాలా తీయదని నా అభిప్రాయం.

నాయనమ్మ వచ్చింది. వచ్చిన రోజే వంటింట్లోకి వెళ్లి డబ్బాలన్నీ వేలి కణుపుతో కొట్టింది, ఒక మూత తీసి చెయ్యి లోపలికి పెట్టింది. నేను తలుపు వెనక గోళ్లు కొరుక్కుంటూ నిలబడ్డాను. ఆవిడ మూత పెట్టేసి, చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ బయటికొచ్చింది. భోజనాల దగ్గర మాత్రం, "నాకు ఒంటిపూట మొక్కుందే కోడలా, రాత్రికి నాకు పెట్టకు" అంది. సాయంత్రాలు అక్క ఆవిడను మా కాలనీ రామమందిరంలో భజనకు తీసుకెళ్లేది. వాళ్లు అటు మలుపు తిరగగానే అమ్మా నేనూ సంచీ పట్టుకుని బజారుకు ఇటు పరుగు. భజన ముగిసేలోగా రావాలి, కూరలు కడిగేయాలి, సంచీ దాచేయాలి. ఆ రోజుల్లో నాకు అన్నం సయించేది కాదు. ఎవరు గుమ్మంలోకొచ్చినా నన్ను తీసుకుపోవడానికే అనిపించేది. నాయనమ్మ పొటోల్ చెక్కు పచ్చడి మళ్లీ అడిగి వేయించుకుని, ఇదేం పచ్చడని మాత్రం అడగలేదు. నాకు అదీ అనుమానంగానే ఉండేది.

జీతం రోజు వచ్చింది, నాయనమ్మ ప్రయాణమూ వచ్చింది. హౌరా స్టేషనులో నేను అమ్మ కొంగు చేతికి చుట్టుకుని నిలబడ్డాను. ఆవిడ కిటికీ పక్కన కూర్చుని నన్ను పిలిచి, నా అరచేతులు తిప్పి చూసింది. సంచీ పిడులు కోసుకుపోయి ఎర్రటి చారలు పడి ఉన్నాయి. నాన్నగారితో, "గుంటని ఇక్కడే ఉండనియ్యిరా. ఇది నాతో వొచ్చేస్తే, దీని అమ్మకి సాయంత్రం బజారుకి తోడెవులెళ్తారు?" అంది. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడని ఊరికే అనలేదు. అమ్మ తల వంచుకుంది. నేను మాత్రం ప్లాట్‌ఫారం మీద అందరూ చూస్తుండగా భోరుమని ఏడ్చాను. రైలు కదిలాక అమ్మ కూడా ఏడ్చింది.

కథ అక్కడితో అయిపోయిందనుకున్నాను. నా పెళ్లి నాటికి నాయనమ్మ లేదు. పెళ్లివాళ్లందరూ భోంచేశాక ఆకుల దగ్గర కూర్చుని నాయనమ్మ చిన్నకూతురు, మా చిన్నత్త, ఆవిడ ఒంటిపూట మొక్కు మాట వస్తే, "మా అమ్మకి మొక్కులా? రాత్రి ఓ ముద్ద కడుపులో పడకపోతే తెల్లార్లూ దొర్లేదమ్మా" అని నవ్వింది. అమ్మ నెయ్యి గిన్నె పట్టుకుని అక్కడే ఉంది. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. వేపాకు కింద ఏముందో వచ్చిన రోజే ఆవిడకు ముక్కు చెప్పేసింది. ఆ రోజు నుంచీ ఆవిడ పూట కూడు మా పిల్లల కంచాల్లోకి వచ్చింది, అమ్మ మాట పోకుండా ఆవిడ దేవుణ్ని అడ్డం పెట్టుకుంది.

ఇప్పుడు సంత్రాగాఛి వైపు వెళ్లే పనే పడదు. ఇక్కడ మా ఇంట్లో ఎవరి ఆకలి వాళ్లది. మనవడికి తన గదిలోకి ఒకటి వస్తుంది, వాళ్ల నాన్నకు ఇంకోటి, కోడలు పాపం నాకోసం గోంగూర కూడా వెతికి తెప్పిస్తుంది. ఎవరికీ లోటు లేదు, ఆ కటకట మళ్లీ రావాలని నేను కోరుకోను కూడా. అయినా కాలు నిలవదు. నిన్న రాత్రి ఆకలి లేదని చెప్పి తినకుండా పడుకున్నాను. పొద్దున ఫ్రిజ్ తెరిస్తే నా వంతు అన్నం మూత పెట్టి అలాగే ఉంది. ఆ రోజుల్లో ఒకరు మానేసిన ముద్ద ఇంకొకరి కడుపు నింపేది. ఇవాళ నేను ఒక పూట మానేస్తే ఎవరికీ ఏమీ కలిసిరాదు, ఫ్రిజ్‌లో ఇంకో గిన్నె చేరుతుంది, అంతే.