రాత్రి కొలత పొద్దున్నే

నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. అంతవరకు వేలిముద్రే. కార్ఖానా పంప్‌హౌస్‌లో కాంట్రాక్టు పని నాది. గంటగంటకీ మీటరు చూసి లాగ్‌షీట్‌లో రాయాలంటే చదువు కావాలన్నారు, నేర్చుకున్నాను. దాంతోపాటు అక్కడి అలవాటూ నేర్చుకున్నాను. షిఫ్టు ఎక్కగానే ఎనిమిది గంటల అంకెలూ ఒకేసారి రాసి పడేయడం. అందరం అదే చేసేవాళ్లం. మీటరు ముల్లు ఎలాగూ కదిలేది కాదు.

అరవై దాటాక రక్త క్యాన్సర్ వచ్చింది. పెద్ద ఊరు తీసుకెళ్లి, గోవింద్‌పూర్‌లో ఉండే మా తమ్ముడి మూలకణాలు నాకు ఎక్కించారు. రక్తం బాగుపడింది. వాడి కణాలు నా ఒంటి మీద తిరగబడకుండా ఒక మందు ఇచ్చారు. అది మోతాదు మించితే కిడ్నీలకు చేటు. తగ్గితే కణాలు ఊరుకోవు.

కార్ఖానా దగ్గరి సిద్ధగోరాలో మా ఇంటికొచ్చాక ప్రతి రక్తపరీక్షలోనూ కిడ్నీ అంకె, అదే క్రియాటినిన్, పెరుగుతూ వచ్చింది. ఇక్కడి హిందీ డాక్టరమ్మ నోటుపుస్తకం పెట్టమంది. తాగిన నీళ్లు, పోసిన మూత్రం, ఎప్పటికప్పుడు కొలిచి రాయాలి. రోజుకు మూడు లీటర్లు తాగాలి. నాకేమో నీళ్లు నోట్లో పోసుకుంటే ఇనుము రుచి. రెండు రోజులు కొలిచాను. మూడో రోజు నుంచి పొద్దున టీ తాగుతూనే రాత్రి దాకా అంకెలు నింపేసేవాణ్ణి.

తర్వాతిసారి ఆస్పత్రికి వెళ్లేసరికి పొద్దున పది. డాక్టరమ్మ పుస్తకం చూసింది, గోడ గడియారం చూసింది.

“బాబా, రాత్ కా పేషాబ్ సుబహ్ హీ నాప్ లియా?”

రాత్రి పోయాల్సింది పొద్దున్నే కొలిచేశావా అని. వెంట వచ్చిన మా ఆవిడ ఊరుకుంటుందా?

“ఏటయ్యా, ఆ కొలత గళాసు ఎప్పుడు సూసినా పొడిగానే ఉంటంది. కడిగీసి బోర్లించీసినావనుకున్నాను! నీ కిడ్నీలేటి, పంప్‌హౌసనుకున్నావా?”

“ఇంట్లో అడగొచ్చు గదే.”

“సదువొచ్చినోడివి. రాసినావంటే నిజమే అనుకోనా?”

డాక్టరమ్మ నవ్వలేదు. నేను మూడు లీటర్లూ తాగుతున్నానని నమ్మిందట. తప్పంతా మందుదే అనుకుని, ఆ రోజే దాన్ని తగ్గిద్దామనుకుందట. తగ్గిస్తే తమ్ముడి కణాలు తిరగబడేవేమో. పాత అంకెలన్నీ కొట్టేసి, వారం రోజులు నిజం రాసుకురమ్మంది. అప్పటిదాకా మందు మోతాదు ముట్టుకోనంది.

ఆ సాయంత్రం మూత్రం కొలిచాను. మధ్యాహ్నం నుంచి మొత్తం నూట ఇరవై మిల్లీలీటర్లే. ఇన్నేళ్లలో నేనెప్పుడూ చెడ్డ అంకె రాయలేదు. చెయ్యి ఆగింది. మా ఆవిడ ఎదురుగా నిలబడింది, రాశాను. ఆమె చెంబుతో నీళ్లిచ్చింది. ఇనుము రుచి అలాగే ఉంది. తాగాను.

వారానికి కిడ్నీ అంకె కొంచెం దిగింది. పూర్తిగా పాత చోటికి రాకపోవచ్చన్నారు. ఈసారి పుస్తకంలో అన్నీ కొలిచిన అంకెలే, ఏ రెండూ ఒకేలా లేవు. డాక్టరమ్మ వేలు పెట్టి ఒక్కొక్కటే చదివి, మందు అలాగే ఉంచింది.