వంకర గీతను చెరపని టీచర్ గారు

మంగళవారం ఉదయం ఫోన్ మోగితే, తెరపై టీచర్ గారి పేరు చూసి నవ్వుతూనే ఎత్తాను. మాట్లాడింది వాళ్ళన్నయ్య. చెల్లెలు లేదమ్మా, అన్నారు. బజారుకు వెళ్ళారేమో అనుకుని, ఎప్పుడొస్తారని అడిగాను. ఆయన ఏడ్చేశారు. అప్పటికిగానీ నాకు అర్థం కాలేదు. ముందురోజు సాయంత్రమే ఆవిడతో మాట్లాడాను. ఒక కబురు చెప్పబోతే, రేపొచ్చి తీరిగ్గా చెప్పు, టీ పెడతాను అన్నారు. తెల్లవారేసరికి గుండె ఆగిపోయిందట. ఇది రాస్తూ కూడా "ఉన్నారు" అని రాసి కొట్టేస్తున్నాను.

ఫిలింనగర్‌లో అన్నగారి ఇంటి మేడమీద ఆవిడ బొమ్మలు వేయడం నేర్పేవారు. నేను సీరియల్ నటిని. ముఖానికి పక్షవాతం వచ్చి, చాలావరకు తగ్గినా, నోరు మాత్రం ఒక పక్కకు కాస్త వంకరగా ఉండిపోయింది. సీరియల్ వాళ్ళు నా పాత్రను మర్యాదగా కాశీయాత్రకు పంపేశారు. ఇంట్లో ఉంటే అస్తమానం అద్దం ముందుకే పోతున్నానని ఆ క్లాసులో చేరాను.

ఆవిడ వేసేవి మనుషుల బొమ్మలే. కానీ కళ్ళూ ముక్కూ ఉండవు. ఒక భుజం జారి, నడుము ఓ పక్కకు ఒరిగి, కొన్ని వెడల్పాటి రంగు పూతల్లోనే మనిషి కూర్చుని ఉంటుంది. రంగు కారితే తుడిచేవారు కాదు. దాన్నే చూస్తూ టీ తాగేవారు. భుజాలు రెండూ సమంగా రావాలని నేను చెరిపి చెరిపి వేస్తుంటే, "రెండు వైపులా ఒకేలా ఉండాలంటే అచ్చు పోసుకోవాలమ్మా" అనేవారు. కూరల బండి దగ్గరా అంతే. వంకర దోసకాయలే ఏరుతుంటే బండి ఆమె, "గవి వద్దమ్మా, మంచియి ఇస్త" అని బతిమాలేది. అవి ముందు బొమ్మలోకి, తర్వాత పప్పులోకి వెళ్ళేవి.

ఒకరోజు నా బొమ్మ వేశారు. ఇటుకరంగు ఆకారం. ముఖంలో ఏమీ లేదు, నోటి దగ్గర ఏటవాలుగా ఒక్క గీత తప్ప. మీకు నా లోపమొక్కటే కనబడిందా అని అడిగి మెట్లు దిగి వచ్చేశాను. మళ్ళీ వెళ్ళలేదు. కొన్నాళ్ళకు ఆవిడే యూసుఫ్‌గూడలో మా ఇంటికి వచ్చారు, పాత చీరలో చుట్టిన ఆ బొమ్మతో.

"ఆ గీత లేకుండా కూడా వేసి చూశానమ్మా. అందులో ఎవరో ఉన్నారు. నువ్వు లేవు."

చూడలేకపోతే గోడవైపు తిప్పి పెట్టుకోమని చెప్పి వెళ్ళిపోయారు. అలాగే పెట్టాను. చాలా రోజుల తర్వాత ఇల్లు సర్దుతూ ఇటు తిప్పితే, అలసిపోయి కూర్చుని, ఎవరినో చూసి నవ్వబోతున్న మనిషి కనబడింది. ఆమె నాకు నచ్చింది. మర్నాడే క్లాసుకు వెళ్ళాను. ఆవిడ బ్రష్షు చేతికిచ్చారు.

మొన్న జూబ్లీహిల్స్‌లో ఒక షూటింగ్‌కు పిలిచారు. చిన్న పాత్రే. కెమెరా ఏ పక్కన పెట్టమంటారని అడిగితే, ఎదురుగానే పెట్టమన్నాను. ఆవిడకు చెప్పబోయిన కబురు అదే.

ఆ మంగళవారం నేను వెళ్ళేసరికి ఆవిడను ముందుగదిలో పడుకోబెట్టి ఉంచారు. ఆ రోజు మాకు క్లాసు. శ్రీనగర్ కాలనీ నుంచి వచ్చే ఒక పెద్దాయనకు కబురు అందలేదు. తన మొదటి బొమ్మ ఆవిడకు చూపించాలని, రంగు ఆరకముందే ఆటోలో తెచ్చేశారు. గేటు దగ్గర చెప్పులు విడిచి, లోపలికి చూసి ఆగిపోయారు. దండం పెట్టాలంటే బొమ్మ కింద పెట్టాలి. అంతమంది తిరిగే చోట పెడితే రంగు చెదురుతుంది. దాన్ని రెండు చేతులతో ఒంటికి దూరంగా పట్టుకుని, ఆవిడను తీసుకెళ్ళేదాకా ఎండలో అలాగే నిలబడ్డారు.