నిలుస్తుందా?

బూ జర్రాహ్‌కి లోకంలోని ఏ వస్తువు మీదైనా ఒకటే సందేహం. ఎంత వేగంగా పోతుంది, ఏ దేశంలో తయారైంది, ఎన్నాళ్ళు గ్యారంటీ, ఇవేవీ ఆయనకి పట్టవు. మెడ కాస్త పక్కకి వంచి, తెల్లగడ్డం గోక్కుంటూ, వీధి చివరిదాకా వినిపించే గొంతుతో, "అదంతా సరేనయ్యా, నిలుస్తుందా?" అని అడుగుతాడు. ఆ ఒక్క మాటలో ఆగడమూ ఉంది, నిలబడడమూ ఉంది. ఎదుటివాడి బుర్రకి ఏది తడితే దానికి జవాబు చెప్పుకోవాలి. ఏ జవాబు చెప్పినా ఆయన తృప్తిపడడు. కువైట్ బజారులో సగంమంది దుకాణదారులు ఆయన తలపాగా దూరంనించి కనబడగానే నమాజుకి వేళయిందని షట్టరు దించేసేవారు.

ఈ ప్రశ్న వల్ల ఎక్కువ నలిగిపోయినవాడు ఆయన పెద్దకొడుకు జర్రాహ్. ఇతని పేరుమీదే లోకం ఆయన్ని బూ జర్రాహ్, అంటే జర్రాహ్ తండ్రి, అని పిలుస్తుంది. బ్యాంకులో ఆఫీసరు. ఇస్త్రీ మడత చెదరని మనిషి. తండ్రితో కలిసి బయటికి వెళ్ళాల్సి వస్తే నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, పక్కనున్నాయన ఎవరో తెలియనట్టు నాలుగడుగులు ముందు నడిచేవాడు. ఏం లాభం? "ఒరే జర్రాహ్, ఇలా రా! ఇది నిలుస్తుందో లేదో ఇతగాడు చెప్పడం లేదు!" అని తండ్రి వెనకనించి కేకేసేవాడు.

కొత్తగా కట్టిన షాపింగు మాల్లో అద్దాల లిఫ్టు పెట్టిన రోజు జరిగింది తలుచుకుంటే జర్రాహ్‌కి ఇప్పటికీ చెవులు ఎర్రబడతాయి. లిఫ్టు తలుపు తెరుచుకుంది. జనం ఎక్కబోతున్నారు. బూ జర్రాహ్ రెండు చేతులూ చాచి అందరినీ ఆపేశాడు.

"అబ్బాయ్, నిలుస్తుందా?"

లిఫ్టు కుర్రాడు కంగారుపడి, "నిలుస్తుందండీ. మూడో అంతస్తులో నిలుస్తుంది" అన్నాడు.

"నువ్వు చెబితే సరా? ఒక్కడివే పైకి వెళ్ళి, నిలిచి, మళ్ళీ రా. చూస్తాం."

కుర్రాడు వెళ్ళాడు, నిలిచాడు, వచ్చాడు. ఇంకోసారి వెళ్ళమన్నాడు. వెనక వరస మాల్ గుమ్మందాకా పెరిగింది. ఆయన భార్య ఉమ్ జర్రాహ్ మాత్రం అబాయా కొంగు సర్దుకుంటూ, "నాకేం, లిఫ్టైనా ఎక్కుతాను, మెట్లైనా ఎక్కుతాను. ఈయనకే చాదస్తం" అని ఎటో చూస్తూ అంది. మూడోసారి కుర్రాడు క్షేమంగా దిగాక అందరూ ఎక్కారు.

ఆ పరువు నష్టం ఇంకా పూడకముందే మేనకోడలు సబీకాకి సంబంధం వచ్చింది. పిల్లాడు ఇంజనీరు. పిల్లాడి తరఫు పెద్దలు మగవాళ్ళ కొలువుగది దీవానియాలో కూర్చున్నారు. కాఫీ వచ్చింది. అడగడానికి వచ్చిన మాటకి ఔననిపించుకునేదాకా వాళ్ళు కప్పు ముట్టుకోరు కదా, కప్పులు అలాగే చల్లారుతున్నాయి. మేనమామ హోదాలో బూ జర్రాహ్ గొంతు సవరించుకున్నాడు. జర్రాహ్ కళ్ళు మూసుకున్నాడు.

"చదువు బాగుంది. ఉద్యోగం బాగుంది. నిలుస్తాడా?"

పెళ్ళికొడుకు చటుక్కున లేచి నిలబడ్డాడు.

బూ జర్రాహ్ అతన్ని ఆ చివరినించి ఈ చివరికి చూసి, "కూర్చో నాయనా. నేనడిగింది నీ కాళ్ళ సంగతి కాదు" అన్నాడు. పాపం అతను కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు. ఏం చెయ్యాలో తెలియక సగంలో వంగి ఉండిపోయాడు.

"అయ్యా, వాడు నిలవకపోతే వాడి బదులు నేను నిలుస్తాను. ముందు కాఫీ తాగనివ్వండి, గొంతు ఎండిపోతోంది!" అని మొరపెట్టుకున్నాడు పెళ్ళికొడుకు తండ్రి. లోపలి తలుపు వెనకనించి కిసుక్కున ఓ నవ్వు వినిపించింది. సంబంధం ఖాయమైంది. జర్రాహ్ మాత్రం నెల్లాళ్ళు ఆ దీవానియా గడప తొక్కలేదు.

ఇలా ఉండగా బగ్గీ గొడవ మొదలైంది.

బగ్గీ అంటే గుర్రబ్బండి కాదు. నాలుగు లావుపాటి చక్రాలు, మధ్యన ఒక సీటు, తలుపూ పైకప్పూ లేకుండా ఇసుకదిబ్బల మీద గీపెడుతూ తిరిగే మోటారు బండి. చలికాలం ఎడారిలో గుడారాలు వేసుకున్నారంటే ఆ ఇంటి పిల్లలందరూ వాటిమీదే. ఒక్క లూల్వా తప్ప. జర్రాహ్ కూతురు లూల్వాకి తొమ్మిదేళ్ళు. అన్నలూ బావలూ దిబ్బలెక్కి దుమ్ము లేపుతుంటే, అది నాయనమ్మ పక్కన చాపమీద కూర్చుని ఎడారిలో తవ్వి తెచ్చిన ఫగా దుంపలకి అంటిన ఇసుక దులుపుతూ ఉంటుంది. అత్తకొడుకు తలాల్ పోతూ పోతూ, "దుంపల రాణీ, సలాం!" అని అరిచి మరీ పోతాడు. వాడికి పన్నెండేళ్ళు, వాడి బగ్గీకి ఇంకా ఎక్కువ ఉంటాయి.

అది జర్రాహ్ చెవిన పడింది. "నా కూతురు దుంపల రాణా? వచ్చే శుక్రవారం అందరూ గుడారానికి వచ్చేసరికి దానికి బగ్గీ ఉంటుంది. తలాల్ దానికంటే పెద్దది!" అని ప్రకటించాడు.

"చిన్నపిల్లరా, అంత పెద్దదెందుకు?" అంది ఉమ్ జర్రాహ్.

"అమ్మా, పిల్లలకి దిష్దాషా కుట్టించేటప్పుడు పొడుగ్గా కుట్టించి, అంచు మడతపెట్టించమా? పెరిగే కొద్దీ విప్పుకుంటాం. ఇదీ అంతే. పెద్దది కొంటే నాలుగేళ్ళు వస్తుంది."

బూ జర్రాహ్ ఖర్జూరం నములుతూ, "మడతపెట్టడానికి బగ్గీకి అంచెక్కడుందిరా?" అన్నాడు. తరవాత గింజ ఊసి, "పదండి, నేనూ వస్తున్నాను" అన్నాడు. జర్రాహ్ నల్లకళ్ళద్దాలు వెతుక్కున్నాడు.

ఎడారి రోడ్డు పక్కన బగ్గీల దుకాణం నడిపే షఅబాన్ ఈజిప్టు మనిషి. నోరు తెరిస్తే తేనె కారుతుంది. "రండి రండి, పాషా! దయచేయండి, హాజీ గారూ! ఈ రాకుమారి ఎవరు?" అంటూ ముగ్గురినీ కూర్చోబెట్టి కాఫీ పోయించాడు. తిన్నగా తీసుకెళ్ళి ఓ ఎర్రబగ్గీ ముందు నిలబెట్టాడు. అది పొగరుబోతు పొట్టేలులా ముందుకి వంగి ఉంది.

"పాషా, ఇది బండి కాదు, గాలి! తాడు తెంపుకున్న గాలి!"

జర్రాహ్ ముఖం వెలిగింది. అంతలో వెనకనించి రానే వచ్చింది.

"నిలుస్తుందా?"

"హాజీ గారూ, కొండ కూడా ఎక్కుతుంది!"

"కొండెక్కితే మాకేం? కువైట్‌లో కొండెక్కడుంది? నిలుస్తుందా?"

"పదేళ్ళు చెక్కుచెదరకుండా నిలుస్తుంది!"

"నేను పదేళ్ళ సంగతి అడగలేదయ్యా. మా పిల్ల ఇక్కడ చెయ్యి నొక్కితే అక్కడ నిలుస్తుందా అని." ఆయన ఖాళీ కాఫీ కప్పు పైకెత్తి, ఇక చాలన్నట్టు అటూ ఇటూ ఊపాడు. కూజా పట్టుకుని వంగినవాడు పొయ్యకుండా వెనక్కి తగ్గాడు. "చూశావా? కప్పు ఊపాను, కాఫీ ఆగింది. గ్యారంటీ ఎవరిచ్చారు? బండంటే ఇలా ఉండాలి."

షఅబాన్ కళ్ళు తుడుచుకున్నాడు. చెమటో మరొకటో తెలియదు.

లూల్వాని ఎర్రదాని మీద కూర్చోబెట్టారు. బూ జర్రాహ్ మోకాళ్ళమీద వంగి పిల్ల కాళ్ళు చూశాడు. పాదాలు కింది పలకమీద ఆనలేదు, బొటనవేళ్ళు మాత్రం అందాయి. చేతులు చూశాడు. వేళ్ళు బ్రేకు కొసదాకా పోయాయిగానీ దాన్ని పట్టి లాగే బలం చాల్లేదు. హ్యాండిలు తిప్పమంటే పిల్ల సీటుమీంచే జారింది.

"అదే అలవాటవుతుంది, నాన్నా!" అన్నాడు జర్రాహ్ పళ్ళ సందునించి.

"బండికి అలవాటవుతుందా, నేలకి అలవాటవుతుందా?"

మూలనున్న చిన్న పసుప్పచ్చ బగ్గీ ఆయన కంటపడింది. దానిమీద లూల్వా రెండు పాదాలూ ఒద్దికగా ఆనాయి, బ్రేకు పిడికిట్లోకి వచ్చింది. బొటనవేలితో నొక్కే మీట కింద ఓ మర ఉంది. అది బిగిస్తే పిల్ల ఎంత నొక్కినా బండి మనిషి పరుగుని మించదు. వెనక ఓ ఎర్రతాడు వేలాడుతోంది. "ఇదేమిటి?" అన్నాడు బూ జర్రాహ్.

"పెద్దవాళ్ళు పట్టుకుని వెనక నడవడానికండీ. లాగితే ఇంజను ఆగిపోతుంది" అన్నాడు షఅబాన్ నీరసంగా.

ఆ మాట చెప్పకుండా ఉంటే బాగుండేది. బూ జర్రాహ్ ఇంజను వేయించాడు, తాడు లాగాడు, ఆగింది. పసిపిల్లాడిలా నవ్వాడు. మళ్ళీ వేయించాడు, మళ్ళీ లాగాడు. తరవాత తన భారీకాయంతో తనే ఎక్కి కూర్చుని, పసుపు బగ్గీ మూలుగుతుండగా, షఅబాన్‌తో, "ఇప్పుడు నువ్వు లాగు!" అన్నాడు. వచ్చిన కొనుగోలుదార్లు ఫోన్లు తీసి వీడియోలు మొదలెట్టారు.

జర్రాహ్ ఇక భరించలేకపోయాడు. కూతురి చెయ్యి పట్టుకుని కారులో పడ్డాడు. "ఆయన ఆడుకోనీ. రేపు మనిద్దరమే వచ్చి ఎర్రది తీసుకుందాం. సరేనా, తల్లీ?"

లూల్వా మెల్లిగా, "నాన్నా, ఎర్రది నిలుస్తుందా?" అంది.

"హబ్బా! ఈ జబ్బు నీకూ అంటుకుందా?"

"జబ్బు కాదు. తాతయ్య అడుగుతున్నది నా గురించే."

జర్రాహ్ కళ్ళద్దాలు తీశాడు.

"పోయినసారి గుడారంలో తలాల్ నన్ను వెనక ఎక్కించుకున్నాడు. దిబ్బమీంచి దూకించాడు. ఆపమని అరిచాను, నాన్నా. గాలికి వాడికి వినపడలేదు. దిగాక అందరితో కలిసి నవ్వేశాను. తాతయ్య ఒక్కడే నా చేతులు వణకడం చూశాడు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను. చెబితే తలాల్ జన్మంతా ఏడిపిస్తాడు."

"తాతయ్య ఏమన్నాడు?"

"'చెప్పనమ్మా. అడుగుతానంతే' అన్నాడు."

జర్రాహ్‌కి అద్దాల లిఫ్టు గుర్తొచ్చింది. ఆ రోజు ఎటో చూస్తూ 'నాకేం' అన్న తల్లి, అబాయా కొంగుని తాడులా మెలిపెట్టేసింది. దీవానియా తలుపు వెనకనించి వినపడ్డ నవ్వు గుర్తొచ్చింది. నాలుగ్గోడల మధ్య పెరిగిన సబీకా, మగాళ్ళ సభలోకి వచ్చి 'ఈయన నా పక్కన నిలుస్తాడా?' అని ఏ నోటితో అడుగుతుంది? అడగడానికి సిగ్గుపడే వాళ్ళెవరో ఒకరు ఆయన పక్కన ఎప్పుడూ ఉన్నారు. నవ్వులపాలు ఆయన అయ్యాడు, జవాబు వాళ్ళకి దొరికింది. తండ్రికి నాలుగడుగులు ముందు నడిచినవాడికి పక్కన ఎవరున్నారో కనబడలేదు, అంతే. జర్రాహ్‌కి తండ్రి మీద పట్టలేనంత ప్రేమ కలిగింది.

కారు దిగి దుకాణంలోకి నడిచాడు. పసుపు బగ్గీ దగ్గరికి వెళ్ళి, మెడ కాస్త పక్కకి వంచి, వీడియోలు తీసేవాళ్ళందరికీ వినపడేలా అడిగాడు.

"షఅబాన్! నిలుస్తుందా?"

షఅబాన్ నెత్తిన చేతులు పెట్టుకుని టైర్ల మీద కూలబడ్డాడు. "దేవుడా! వంశమంతా ఇంతేనా?"

బూ జర్రాహ్ కొడుకుని ఎగాదిగా చూశాడు. బండి దిగి, శిరస్త్రాణాల అరదగ్గరికి వెళ్ళి, లూల్వా నెత్తిన ఒక్కొక్కటే పెట్టి, "ఒంటెలా తల ఆడించమ్మా. ఊగిందా? ఇది వద్దు" అంటూ బేరం మొదలెట్టాడు.

శుక్రవారం గుడారం దగ్గర పసుపు బగ్గీ దించగానే తలాల్ పడీ పడీ నవ్వాడు. "ఇదా బండి? మా బగ్గీ పెట్టిన పిల్లలా ఉంది!"

లూల్వా ముఖం చిన్నబోయింది. అయినా ఎక్కింది. ఇంజను వేసింది, బొటనవేలు మీట మీద పెట్టింది. ఆ వేలు ఇక కదలదు. ఆ గుర్రుగుర్రుమన్న చప్పుడుకే చేతులు మళ్ళీ బిగుసుకున్నాయి. చాపమీద దుంపలు దులిపే చేతులన్నీ ఆగాయి. జర్రాహ్ వెళ్ళి వెనక ఎర్రతాడు పట్టుకున్నాడు. బూ జర్రాహ్ దిష్దాషా అంచు నడుంలో దోపుకుని, ఖాళీ కాఫీ కప్పుతో బండికి ఎదురుగా కాస్త దూరంలో, ఓ పక్కకి జరిగి నిలబడ్డాడు.

"రా తల్లీ! నేను కప్పు ఊపగానే పోయడం ఆపాలి!"

బగ్గీ పాకింది. ఆయన కప్పు ఊపాడు. లూల్వా బ్రేకు లాగింది. బండి నిలిచింది. ఇంకొంచెం దూరం వెళ్ళి మళ్ళీ ఊపాడు, మళ్ళీ నిలిచింది. అలా గుడారాల చుట్టూ తిరిగారు. కాసేపటికి లూల్వా పెదాలు విడ్డాయి, పళ్ళు కనబడ్డాయి, చివరికి పెద్దగా నవ్వు వినబడింది. ఆ నవ్వు విని తలాల్ తన బండి దిగి, "ఆ కప్పాట నేనూ ఆడనా?" అంటూ వెంటబడ్డాడు. వాడు మొదటిసారి కప్పు దాటి దూసుకుపోయి ఉమ్ జర్రాహ్ దుంపల్లో ఆగాడు. ఆ రోజు కొత్త దుంపల రాజు ఎవరో అందరికీ తెలిసింది.

లూల్వా, "నాన్నా, తాడు వదిలెయ్" అంది. జర్రాహ్ వదిలాడు. అది దిబ్బదాకా వెళ్ళింది, తిరిగింది, ఒంటరిగా వెనక్కి వచ్చింది. బూ జర్రాహ్ ఆనందం పట్టలేక దాని పక్కనే పరుగెత్తాడు. ఆ కాయానికి ఇసుకలో పరుగు ఎంతసేపు సాగుతుంది? ఆయాసంతో ముఖం దానిమ్మగింజలా అయింది. అది చూసి లూల్వా ఎవరూ కప్పు ఊపకుండానే బ్రేకు లాగింది. ఆయన మాత్రం ఆగలేక నాలుగడుగులు ముందుకు పోయి, ఇసుకలో చతికిలబడ్డాడు.

లూల్వా శిరస్త్రాణం పైకెత్తి, మెడ కాస్త పక్కకి వంచి, ఎడారంతా వినపడేలా అడిగింది.

"తాతయ్యా, నిలుస్తావా?"

"నిలుస్తాను తల్లీ, నిలుస్తాను!" అన్నాడు బూ జర్రాహ్ రొప్పుతూ, కొడుకు వైపు చెయ్యి చాచి. "ముందు లేపండ్రా ఎవరైనా!"