చెంచా పక్కన పెట్టిన పెద్దమ్మ

మా బట్టల ఫ్యాక్టరీలో పిల్లల గదిని చూసుకునే ఆవిడను అందరం పెద్దమ్మ అనే పిలిచేవాళ్లం. ఇరవయ్యేళ్లు ఇస్త్రీ బల్ల ముందు నిలబడి మోకాళ్లు అరిగిపోతే, మేనేజరు ఆమెను అక్కడికి మార్చాడు. కూర్చుని చేసే పని అనుకున్నాడు కాబోలు. పన్నెండు మంది పిల్లల మధ్య ఆమె కుదురుగా కూర్చోగా నేను చూడలేదు.

నేను పై అంతస్తులో కాలర్లు కుట్టేదాన్ని. మా వాడికి ఎనిమిదో నెల వచ్చినా పాలు తప్ప ఏదీ ముట్టేవాడు కాదు. చెంచా కనబడితే చాలు, నోటికి తాళం వేసినట్టు పెదాలు బిగించేవాడు. గట్టిగా పట్టుకుని పెట్టమన్నారు మా అత్తగారు. ఒకసారి ఆ పనీ చేశాం. అంతా కక్కేసి, రెండు రోజులు నన్ను చూస్తేనే ఏడ్చాడు. బరువు పెరగడం లేదని నర్సు హెచ్చరించింది.

ఒక సోమవారం వాణ్ణి అప్పగిస్తూ ఏడ్చేశాను. పెద్దమ్మ ఓదార్చలేదు. వీడికెప్పుడైనా పెద్ద జబ్బు చేసిందా అని అడిగింది. నాలుగో నెలలో ఛాతీ పట్టేసి ఆసుపత్రిలో ఉన్నామని, పది రోజులు పూటపూటా చెంచాతో చేదు మందు పట్టామని చెప్పాను.

"ఇంకేం తల్లీ, చెంచా అంటే మందే అనుకుంటున్నాడు వాడు. పాలు మాన్పించకు. మిగతాది వారం రోజులు నాకొదిలెయ్," అంది.

మధ్యాహ్నం విరామంలో కిందికి దిగి, పిల్లల గది కిటికీ అద్దంలోంచి చూసేదాన్ని. వాణ్ణి చిన్న బల్ల ముందు నిటారుగా కూర్చోబెట్టి, ఉడికించి మెత్తగా చిదిమిన బంగాళాదుంపను చెంచా లేకుండా ముందు పెట్టేది. తాను పక్కనే కూర్చుని, వాణ్ణి పట్టించుకోనట్టు తన బాక్సు తినేది. తినమని ఒక్క మాట అనేది కాదు.

మొదటి రోజు దుంపంతా నేల మీద పడేశాడు. రెండో రోజు జుట్టుకు పూసుకున్నాడు. మూడో రోజు సూపర్‌వైజరు వచ్చి, ఇది పిల్లల గదా, చెత్తకుండీయా అని విసుక్కున్నాడు.

"తుడిచేది నేనే కదండీ," అంది పెద్దమ్మ. అన్నట్టే, ఆ మోకాళ్ల మీదే వంగి తుడిచింది.

శుక్రవారం ఎవరో నా మిషను పక్కన నిలబడ్డారు. తలెత్తితే పెద్దమ్మ, ఆయాసపడుతూ. మోకాళ్లు చెడ్డాక ఆ మెట్లు ఎన్నడూ ఎక్కని మనిషి.

"తిన్నాడు. గోరంతే. మొహం వికారంగా పెట్టాడు, మళ్లీ తిన్నాడు," అని చెప్పి, రెయిలింగు పట్టుకుని దిగిపోయింది. ఆ రోజు నేను కుట్టిన కాలర్లన్నీ వంకరపోయాయి.

నెల తిరిగేసరికి వాడు రెండు చేతులా తినసాగాడు. బరువూ పెరిగాడు. ఇదంతా నీకెలా తెలుసు పెద్దమ్మా అని ఒకసారి అడిగాను.

"నాకు మాత్రం ఏం తెలుసే? ఇది కుదరకపోతే డాక్టరు దగ్గరికి పంపేదాన్ని," అని, ఇంకో పసివాడి మూతి తుడవడానికి లేచింది.